ట్రయల్స్ సాధనకు ఎలక్ట్రిక్ బండా, పెట్రోల్ బండా? తేల్చుకునే పద్ధతి

ట్రయల్స్ అనే మోటార్‌సైకిల్ ఆట వేగం పందెం కాదు. బండరాళ్లు, దుంగలు, బురద వాలుల మధ్య రిబ్బన్లతో హద్దులు కట్టిన చిన్న దారిని సెక్షన్ అంటారు. సీటు దాదాపు లేని తేలికపాటి బండి మీద నిలబడి, కాలు నేలకు మోపకుండా ఆ దారిని దాటడమే ఆట. ఒకసారి పాదం మోపితే 1 పాయింటు, రెండుసార్లయితే 2, మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లయితే 3, పడిపోయినా హద్దు దాటినా 5 పడతాయి. చివరికి తక్కువ పాయింట్లు మిగిలినవారిదే గెలుపు. కాబట్టి ఈ ఆట కోసం బండి ఎంచుకునేటప్పుడు గరిష్ఠ వేగం ఎంత, హార్స్‌పవర్ ఎంత, ఒక్క ఛార్జింగుతో ఎన్ని కిలోమీటర్లు పోతుంది అన్న ప్రశ్నలు పెద్దగా పనికిరావు. మీకు దొరికే సమయంలో ఒక కష్టమైన అడుగును ఎన్నిసార్లు, ఎంత శ్రద్ధగా మళ్లీ మళ్లీ ప్రయత్నించగలరు, ఆ సంఖ్యను ఏ బండి పెంచుతుంది అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మీ సాధనలో ఉంటుంది కనుక, కింద చెప్పిన పనులను ఈ వరుసలోనే చేయండి.

ముందుగా ఒక నెల లెక్క రాయండి

ఇప్పటికే ఏదో ఒక బండి మీద సాధన చేస్తున్నవారైతే, నాలుగైదు విడతల పాటు ఒక చిన్న పుస్తకం వెంట ఉంచుకోండి. అందులో ప్రయాణానికి, బండి సిద్ధం చేయడానికి, నిజంగా బండి కదిలిన సమయానికి, విశ్రాంతికి, మరమ్మతుకు ఎన్నెన్ని నిమిషాలు పోయాయో విడివిడిగా వేయండి. నేను మొదటిసారి ఇలా రాసినప్పుడు, మూడు గంటల సాధన అని గొప్పగా చెప్పుకున్నదానిలో బండి కదిలింది గంటా పది నిమిషాలేనని తేలింది. మిగతాదంతా సెక్షన్ చుట్టూ నడవడం, ఊపిరి తీసుకోవడం, తోటివారితో కబుర్లు. ట్రయల్స్‌లో ఇది మామూలే. ఈ లెక్క లేకుండా బ్యాటరీ సరిపోతుందా, చాలదా అని వాదించుకోవడం కొలత లేకుండా బట్ట కొనడం లాంటిది.

లెక్క పూర్తయ్యాక ఒక్క విషయం చూడండి: మీ సమయం ఎక్కడ జారిపోతోంది? సాధన స్థలానికి రానూపోనూ గంటలు పడుతున్నాయా, లేక స్థలం దగ్గర్లోనే ఉన్నా శబ్దం వల్ల అక్కడ నడపలేకపోతున్నారా, లేక బండి స్టార్ట్ చేయడానికీ సర్దడానికీ పోతోందా? మొదటిదానికి ఏ బండీ మందు కాదు. రెండోదైతే ఎలక్ట్రిక్ వైపు తూకం చాలావరకు ఒరిగినట్లే, ఎందుకంటే ఇంటి వెనక ఇరవై గజాల జాగాలో, నాలుగు ఇటుకలూ ఒక దుంగా పెట్టుకుని, ఎవరికీ ఇబ్బంది లేకుండా రోజుకు అరగంట చొప్పున నడిపే వీలు పెట్రోల్ బండితో దాదాపు కుదరదు. నిలబడి నిదానంగా తిరగడం, ముందు చక్రం లేపడం, కదలకుండా తూకం నిలుపుకోవడం వంటివి వారానికి ఒకసారి మూడు గంటలు చేయడం కంటే రోజూ కొద్దికొద్దిగా చేస్తేనే ఒంటపడతాయి. నా ఉద్దేశంలో ఎలక్ట్రిక్ బండికి ఉన్న అసలు బలం మోటారు కంటే ఈ నిశ్శబ్దమే. అయితే నిశ్శబ్దం అనుమతి కాదు. స్థలం ఎవరిదైనా, ఏ బండితోనైనా, యజమానిని ముందుగా అడగాలి.

బ్యాటరీ సరిపోతుందో లేదో స్వయంగా కొలవండి

పెద్దవాళ్లు నడిపే ఎలక్ట్రిక్ ట్రయల్స్ బండ్లలో బ్యాటరీ సాధారణంగా 2 నుంచి 3 కిలోవాట్ అవర్ల మధ్య ఉంటుంది. పెట్రోల్ ట్రయల్స్ బండి ట్యాంకు కూడా చిన్నదే, రెండు నుంచి మూడు లీటర్లు. కాగితం మీద చూస్తే పోలికే లేదు: కిలో పెట్రోల్‌లో సుమారు 12 కిలోవాట్ అవర్ల వేడి దాగి ఉంటే, కిలో బ్యాటరీలో 0.2 కూడా కష్టమే. కానీ నిదానపు నడకలో ఇంజన్ ఆ వేడిలో చాలా కొద్ది భాగాన్నే చక్రానికి చేరుస్తుంది, మీరు సెక్షన్ ముందు నిలబడి ఆలోచిస్తున్నంతసేపూ ఊరికే తాగుతూనే ఉంటుంది. మోటారు మాత్రం బండి ఆగినప్పుడు దాదాపు ఏమీ ఖర్చు చేయదు. ఆగుతూ సాగే ట్రయల్స్‌లో ఈ తేడా బ్యాటరీకి బాగా కలిసివస్తుంది.

ఎలక్ట్రిక్ బండి అరువుగానో ప్రయోగానికో దొరికినప్పుడు నిండా ఛార్జ్ చేసి, మీ మామూలు సాధననే గడియారం చూసుకుని అరగంట చేయండి. మధ్యలో ఎక్కువ విశ్రాంతి తీసుకోకుండా, బండి కదిలే సమయమే అరగంట అయ్యేలా చూసుకోండి. ఆ తరువాత ఎంత శాతం తగ్గిందో చూడండి. 18 శాతం తగ్గిందనుకుందాం. 20 శాతాన్ని ముట్టకుండా ఉంచుకోవడం మంచి అలవాటు కనుక వాడుకోదగినది 80 శాతం. 80ని 18తో భాగించి 30తో హెచ్చిస్తే సుమారు 133 నిమిషాలు వస్తాయి. మీ పుస్తకంలో ఒక విడతకు బండి కదిలే సమయం 70 నిమిషాలే ఉంటే ఇక్కడితో చింత తీరింది. 150 ఉంటే రెండో బ్యాటరీ గురించో మధ్యలో ఛార్జింగు గురించో ఆలోచించాలి. మెత్తని ఇసుక, లోతైన బురద, పొడవాటి ఎక్కుడు ఉన్నచోట ఖర్చు గణనీయంగా పెరుగుతుంది కనుక ఈ కొలత గట్టి నేల మీద కాక మీ అసలు స్థలంలోనే తీసుకోండి. ఒక సెక్షన్ నుంచి మరో సెక్షన్‌కు కిలోమీటర్ల కొద్దీ దారి నడపవలసిన స్థలాలైతే లెక్క మరింత మారుతుంది, ఎందుకంటే బ్యాటరీని తినేది సెక్షన్ల కంటే ఆ మధ్య దారులే.

ఛార్జింగు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఛార్జర్ ఒక కిలోవాట్‌దైతే 2.5 కిలోవాట్ అవర్ల బ్యాటరీ నిండడానికి మూడు గంటల దాకా పడుతుంది, చివరి భాగం మరీ నెమ్మదిగా నిండుతుంది. సాధన స్థలంలో కరెంటు లేకపోతే ఆ రోజుకు ఉన్నదే బ్యాటరీ. పెట్రోల్ బండికైతే ఒక చిన్న డబ్బా వెంట ఉంటే చాలు, రెండు నిమిషాల్లో మళ్లీ బండి సిద్ధం. రోజంతా కొండల్లో ఉండిపోయే అలవాటున్నవారికి ఈ ఒక్క కారణం చాలు పెట్రోల్ బండి తీసుకోవడానికి, వారితో నేను వాదించను.

క్లచ్ గురించి తొందరపడకండి

నిర్ణయం తప్పేది ఎక్కువగా ఇక్కడే కనుక దీని మీద కొంత నిలబడతాను.

పెట్రోల్ ట్రయల్స్ బండిలో ఎడమచేతి చూపుడువేలు ఎప్పుడూ క్లచ్ లివర్ మీదే ఉంటుంది. మోకాలెత్తు దుంగ ముందు నిలిచారనుకోండి. వేలితో క్లచ్ లాగి ఉంచి, థ్రాటిల్ తిప్పి ఇంజన్ వేగం పెంచుతారు. ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్, తిరుగుతూ శక్తిని దాచుకుంటుంది. తిరిగే వేగం రెట్టింపైతే అందులో దాగిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ముందు చక్రం దుంగ మీదికి లేచి తాకి, మోకాళ్లు వంగి, ఒంటి బరువు కిందికి దిగి మళ్లీ పైకి లేచే ఆ ఒక్క క్షణంలో వేలు వదులుతారు. దాచుకున్నదంతా ఒక్కసారిగా వెనక చక్రానికి చేరి బండి దుంగ మీదికి ఎగురుతుంది. అర సెకను ముందు వదిలితే చక్రం నేల మీదే తిరిగిపోతుంది, అర సెకను ఆలస్యమైతే ఇంజన్ అడుగున ఉండే రక్షణ పలక, అంటే సంప్‌గార్డు, దుంగకు తగిలి ఆగిపోతారు. ట్రయల్స్ విద్యలో సగం ఆ వేలిలోనే ఉందంటే అతిశయోక్తి కాదు.

ఎలక్ట్రిక్ మోటారుకు సున్నా వేగం నుంచే పూర్తి టార్క్, అంటే తిప్పే బలం, ఉంటుంది, బండి ఆగినా మోటారు ఆఫ్ కాదు, తిరిగి స్టార్ట్ చేయడమన్న పనే ఉండదు. కొత్తవారికి ఇది ఎంత పెద్ద ఊరటో చెప్పలేను: ఎగువన రాయి మధ్యలో ఇంజన్ ఆగిపోయి, ఒంటికాలి మీద బండిని మోస్తూ కిక్ కొట్టిన వారికే తెలుస్తుంది. కానీ మోటారులో తిరిగే భాగమైన రోటార్ తేలికగా ఉండటం వల్ల, క్లచ్ లేని బండిలో ముందే శక్తిని దాచి ఒక్కసారి విడిచే వీలుండదు. ఏది కావాలన్నా కుడిచేతి మణికట్టే చేయాలి. తయారీదారులకు ఈ సంగతి బాగా తెలుసు. యమహా తన టీవై-ఈ పోటీ బండికి మెకానికల్ క్లచ్‌నూ ఫ్లైవీల్‌నూ పెట్టింది. ఎలక్ట్రిక్ మోషన్ అనే ఫ్రెంచి సంస్థ పోటీలకు ఉద్దేశించిన మోడళ్లకు హైడ్రాలిక్ క్లచ్ ఇస్తోంది, మోటారు ఊరికే నెమ్మదిగా తిరుగుతూ ఉండే ఏర్పాటును కూడా కలిపింది. పిల్లల కోసం వచ్చే ఓసెట్ వంటి బండ్లలో మాత్రం క్లచ్ ఉండదు, పిల్లలకు అదే సరైనది.

అందుచేత ఎలక్ట్రిక్ బండి చూస్తున్నప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న క్లచ్ ఉందా అన్నది. మీరు ఏదో ఒకరోజు పెట్రోల్ బండి మీద పోటీ చేయాలనుకుంటే, లేదా నడుమెత్తు మెట్లు ఎక్కాలన్న కోరిక ఉంటే, క్లచ్ లేనిదాన్ని తీసుకోకండి. రెండేళ్లు ఎడమచేతికి పని చెప్పకుండా నేర్చినదాన్ని తరువాత సరిదిద్దుకోవడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం. తూకం, మలుపులు, చిన్న అడ్డంకులే మీ సరదా అయితే క్లచ్ లేకపోవడం లోపం కాదు, పైగా తలలో ఒక పని తగ్గుతుంది.

క్లచ్ విషయంలో భద్రత కూడా ఉంది. వెనక్కి పడబోతున్నప్పుడు భయంతో చేతులు హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాయి, థ్రాటిల్ తనకు తానే తెరుచుకుంటుంది. క్లచ్ మీద వేలున్నవారు దాన్ని లాగి బండిని చంపకుండానే శక్తిని తెంపేస్తారు. క్లచ్ లేని ఎలక్ట్రిక్ బండిలో మీకు మిగిలేది వెనక బ్రేకూ, మణికట్టుకు కట్టుకునే కిల్ స్విచ్ తాడూ (మీరు పడితే అది ఊడి బండిని ఆపేస్తుంది). ఆ తాడు కట్టుకోకుండా ఏ రకం బండి మీదా ఎక్కకండి.

రెండు బండ్లనూ ఒకే సెక్షన్‌లో పరీక్షించండి

షోరూం ముందు ఖాళీ స్థలంలో రెండు చుట్లు తిరిగి చూసినంత మాత్రాన ఏమీ తెలియదు. ఒకే రోజు, ఒకే స్థలంలో రెండు బండ్లూ ఉండేలా ఏర్పాటు చేసుకోండి. టైర్లలో గాలి ముందుగా సరిచేయండి: ముందు సుమారు 0.4 బార్, వెనక సుమారు 0.3 బార్, అంటే చదరపు అంగుళానికి 6, 4.5 పౌండ్ల చుట్టుపక్కల. ఇంత తక్కువ గాలిని మామూలు పంపు మీటరు సరిగా చూపదు, తక్కువ ఒత్తిడికి ఉద్దేశించిన గేజ్ కావాలి. ఒక బండిలో గాలి కాస్త ఎక్కువగా ఉన్నా పట్టు మారిపోయి, తప్పంతా మోటారు మీదో ఇంజన్ మీదో వేస్తాం. హ్యాండిల్ ఎత్తు, లివర్ల కోణం కూడా రెండింటిలో ఒకేలా ఉంచండి.

తరువాత మూడు పనులు పెట్టుకోండి. ఒకటి, చదును నేల మీద రెండు రాళ్ల చుట్టూ హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఎనిమిది అంకె ఆకారంలో తిరగడం. రెండు, గడ్డి వాలు మధ్యలో ఎగువకు మలుపు తీసుకోవడం. మూడు, మీకు పదింట ఐదుసార్లు మాత్రమే కుదిరే ఎత్తున్న దుంగ. మరీ తేలికైనదాని మీద తేడా కనిపించదు, మరీ కష్టమైనదాని మీద రెండూ ఒకేలా ఓడిపోతాయి, అందుకే సగం సగం కుదిరే ఎత్తు. ప్రతి పనినీ పెట్రోల్ మీద ఐదుసార్లు, ఎలక్ట్రిక్ మీద పదిసార్లు, మళ్లీ పెట్రోల్ మీద ఐదుసార్లు చేయండి. వరుస ఇలా ఎందుకంటే, మొదట నడిపిన బండి మీద ఒళ్లు ఇంకా వేడెక్కక, చివర నడిపినదాని మీద అలసిపోయి తప్పులు పెరుగుతాయి. ఒకదాన్ని మధ్యలో ఉంచి మరొకదాన్ని రెండు చివరలా పెడితే ఆ తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. పక్కన ఒక మిత్రుణ్ణి కూర్చోబెట్టి, పోటీలో లాగే పాయింట్లు వేయించండి. మీ లెక్క మీరే వేసుకుంటే మోపిన పాదాలు సగం మరచిపోతారు.

పాయింట్లతో పాటు ఇంకో మూడు సంగతులు గమనించండి. జారే వాలు మీద ఏ బండి వెనక చక్రం ముందుగా తిరిగిపోతోంది? శక్తి ఎంత దూకుడుగా రావాలో ఎంచుకునే సెట్టింగులను మోడ్‌లంటారు; ఎలక్ట్రిక్ బండిని గట్టి మోడ్‌లో పెట్టి నడిపితే అది తేలికగా జారుతుంది, మెత్తని మోడ్‌లో పెడితే పెట్రోల్ బండి కంటే బాగా పట్టు పట్టవచ్చు, కనుక ఉన్న మోడ్‌లన్నీ ప్రయత్నించాకే తీర్పు చెప్పండి. దిగుడులో థ్రాటిల్ మూసినప్పుడు బండి ఎలా నెమ్మదిస్తోంది? పెట్రోల్ బండికి ఇంజన్ బ్రేకింగ్ ఉంటుంది. ఎలక్ట్రిక్ బండిలో అది సెట్టింగును బట్టి ఉంటుంది, కొన్నింటిలో అసలు ఉండదు. శబ్దం లేనప్పుడు మీకు చక్రం ఏం చేస్తోందో తెలుస్తోందా? ఇంజన్ చప్పుడును బట్టి వేగాన్ని అంచనా కట్టే అలవాటున్న పాత చేతులకు ఇది మొదటి రోజు చీకట్లో నడిచినట్లుంటుంది, రెండో వారానికి టైరు కింద గులకరాయి జారిన చప్పుడు కూడా వినబడి దానికే మొగ్గుతారు.

పరీక్ష చివర, ఒళ్లు బాగా అలసిన తరువాత, రెండు బండ్లనూ ఒక్కోసారి నేల మీద పడుకోబెట్టి లేపండి, ఆపేసి ఎగువకు పది అడుగులు తోయండి. పెట్రోల్ ట్రయల్స్ బండ్లు 65 నుంచి 75 కిలోల మధ్య ఉంటాయి. ఎలక్ట్రిక్‌వి దాదాపు అంతే, లేదా కొన్ని కిలోలు ఎక్కువ. కాగితం మీద ఐదు కిలోలు చిన్న అంకె. ఇరవయ్యోసారి లేపుతున్నప్పుడు చిన్నదనిపించదు.

నిర్వహణ, నిల్వ

పెట్రోల్ బండి పని చాలామందికి తెలిసిందే: ఎయిర్ ఫిల్టర్ కడిగి నూనె పట్టించడం, గేర్‌బాక్స్ ఆయిల్ మార్చడం, స్పార్క్ ప్లగ్, టూ-స్ట్రోక్ అయితే తయారీదారు చెప్పిన పాళ్లలో పెట్రోల్‌లో ఆయిల్ కలపడం, కార్బ్యురేటర్ ఉంటే ఎత్తైన ప్రదేశాల్లో జెట్ (పెట్రోల్ పాళ్లు నిర్ణయించే సన్నని రంధ్రం ఉన్న భాగం) మార్చడం. సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి మీటర్లకూ ఇంజన్ బలం సుమారు పదోవంతు తగ్గుతుంది, మోటారుకు ఆ బాధ లేదు. చైను, బ్రేకులు, బేరింగులు, సస్పెన్షన్ పని రెండింటికీ ఒక్కటే, ఎలక్ట్రిక్ బండి అంటే నిర్వహణే లేదనుకోవడం పొరపాటు.

ఎలక్ట్రిక్ బండికి ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్నే, కానీ తప్పనిసరి. వారాల తరబడి వాడకపోతే బ్యాటరీని నిండుగానో ఖాళీగానో వదలకుండా సగం చుట్టుపక్కల ఉంచండి. సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకండి, లోపల లోహం పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. ఎండలో పొడవాటి ఎక్కుడులు నడిపాక వెంటనే ఛార్జర్‌కు తగిలించక చల్లారనివ్వండి. కడిగేటప్పుడు ప్రెషర్ వాటర్ ధారను కనెక్టర్ల మీదికి కొట్టకండి. పడిపోయిన తరువాత బండి నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన ఆఫ్ అయిందనుకుని లేపబోకండి. థ్రాటిల్ పిడి చేతిలో తిరిగితే బండి మీ మీదికే దూకుతుంది. ముందు స్విచ్ ఆపి, తరువాత చేయి వేయాలి. పెట్రోల్ బండి పడితే చూసుకోవలసినవి వేరు: కారిన పెట్రోల్, కాలుతున్న సైలెన్సర్.

పోటీలకు వెళ్లేవారు నిర్వాహకుల నిబంధనలను కొనకముందే చదవాలి. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్.ఐ.ఎం. 2017లో ఎలక్ట్రిక్ ట్రయల్స్ బండ్లకు వేరుగా కప్పు ప్రారంభించింది. 2024లో హోండా తన ఎలక్ట్రిక్ బండిని జపాన్ జాతీయ పోటీల్లో, 2004 ప్రపంచ విజేత తకహిసా ఫుజినామి చేతికిచ్చి, పెట్రోల్ బండ్ల మధ్యే దించింది. అంటే ఒకచోట వేరు తరగతి, మరోచోట అందరూ ఒక్కటే. మీరు ఆడబోయే చోట ఏ పద్ధతి ఉందో తెలుసుకోండి.

తేల్చుకున్నాక

పరీక్షలో రెండు బండ్ల పాయింట్లు దగ్గర దగ్గరగా వస్తే, కొలతలన్నీ పక్కనపెట్టి మీ పుస్తకానికే తిరిగి వెళ్లండి. ఇంటి దగ్గర శబ్దం లేకుండా రోజూ నడిపే జాగా ఉంటే క్లచ్ ఉన్న ఎలక్ట్రిక్ బండి తీసుకోమంటాను. వారాంతంలోనే, దూరంగా, కరెంటు లేనిచోట, రోజంతా నడిపేవారైతే పెట్రోల్‌దే తీసుకోమంటాను. పాత ఎలక్ట్రిక్ బండి కొంటున్నవారు మాత్రం బండి మెరుపును చూడక, పైన చెప్పిన అరగంట కొలతను అమ్మేవారి ఎదుటే చేసి చూడండి. కొత్త బ్యాటరీ ధర బండి ధరలో పెద్ద భాగం కనుక, అరిగిన బ్యాటరీతో చవకగా దొరికిన బండి చవక కాదు. పాత పెట్రోల్ బండికైతే చల్లగా ఉన్నప్పుడే కిక్ కొట్టి చూడండి. మీరు వచ్చేసరికే ఇంజన్ వేడిగా ఉంటే, చల్లారేదాకా ఆగి మరీ కొట్టండి.

ఏది కొన్నా మొదటి నెల మెత్తని మోడ్‌లో, లేదా రెండో గేరులో, ఎనిమిది అంకె మలుపులతోనే గడపండి. దుంగ దగ్గరికి ఐదో వారంలో వెళ్లవచ్చు, అప్పుడు కూడా మొదటి పది ప్రయత్నాలకు బండి వెనక ఒక మనిషి నిలబడి ఉండాలి.